కంపెనీలు కలిశాయి, కాక్‌పిట్‌లో పద్ధతులు మారాయి: మన జిల్లాల పైలట్లు ఎలా సర్దుకుంటున్నారు?

రావులపాలెం ఎయిర్‌బస్:
అందరికీ నమస్కారమండీ. మన గోదావరి జిల్లాల నుంచి ఎయిర్‌లైన్స్‌లో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారని పాత చర్చలు చూస్తే తెలిసింది, అందుకే రాస్తున్నాను. మా కంపెనీ ఇంకో కంపెనీతో కలిసింది, పేర్లు అనవసరం. తోక మీద రంగు, యూనిఫాం, టికెట్ మీద కోడ్ మారాయి, అవి అందరికీ కనబడతాయి. కాక్‌పిట్ లోపల మారినవి ఎవరికీ కనబడవు. వాటి గురించే ఈ చర్చ.

నేను ఎయిర్‌బస్ ఏ320 కెప్టెన్‌ని. రెండు కంపెనీలవీ ఏ320లే. ఒకే విమానం కదా, కొత్తగా నేర్చుకునేదేముంది అని మా ఊళ్లో అందరూ అడుగుతున్నారు. నన్నడిగితే చిక్కంతా ఒకే విమానం కావడంలోనే ఉంది. వేరే విమానమైతే మొదటి రోజు నుంచే మనసు జాగ్రత్తగా ఉంటుంది, చెయ్యి దేన్నీ తనంతట తాను ముట్టుకోదు. ఇక్కడ సీటు అదే, మీటలు అవే, చప్పుళ్లు కూడా అవే, కాబట్టి చెయ్యి పాత దారినే పోతుంది.

ఒక్కటి చెబుతాను. ల్యాండ్ అయ్యి రన్‌వే ఖాళీ చేశాక, మా పాత పద్ధతిలో కెప్టెన్ గ్రౌండ్ స్పాయిలర్ల (దిగాక రెక్కల మీద పైకి లేచే పలకల) మీటను కిందికి నొక్కితే అదే కో-పైలట్‌కు సైగ. మాట అక్కర్లేదు. అతను రాడార్ ఆపుతాడు, ఫ్లాప్స్ (టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ రెక్కల వెనక దించే పలకలు) లోపలికి తీస్తాడు, ఏపీయూ (నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్) స్టార్ట్ చేస్తాడు. ఎయిర్‌బస్ పుస్తకంలోనూ అంతే. అవతలి కంపెనీలో కెప్టెన్ నోటితో చెప్పేదాకా కో-పైలట్ ఏదీ ముట్టుకోకూడదు. ఆ పద్ధతికీ కారణం ఉంది, రద్దీ ఎయిర్‌పోర్టులో రన్‌వే దాటగానే ఇద్దరి తలలూ కిందికి వాలిపోకూడదని. రెండూ మంచి పద్ధతులే. ఆ పక్క కో-పైలట్‌నీ ఈ పక్క కెప్టెన్‌నీ కలిపి కూర్చోబెడితే మాత్రం ఒకరు పని అయిపోయిందనుకుంటారు, ఇంకొకరు చెబుతారని ఎదురుచూస్తారు. నేల మీద కాబట్టి పెద్ద నష్టం లేదు. ఇదే తేడా టేకాఫ్ ముందు వస్తే?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బయట విమానం చుట్టూ తిరిగి చూసి వచ్చేది ఎవరు, ఎప్పుడూ కో-పైలటేనా లేక ఆ సెక్టార్‌లో (ఆ ఒక్క ప్రయాణంలో) నడపకుండా మానిటరింగ్ చేసేవాళ్లా? ఆటోపైలట్ మోడ్ మారినప్పుడు పైకి చదివేది ఎవరు? ల్యాండింగ్‌కు మామూలుగా ఫ్లాప్ 3 వాడాలా, ఫుల్ వాడాలా? టేకాఫ్ ఆపేయాలంటే ‘స్టాప్’ అనే అధికారం ఎవరిది? చార్టులు ఒకరివి జెప్పెసెన్, ఇంకొకరివి లిడో, అదే ఎయిర్‌పోర్టుకు అదే అప్రోచ్ (రన్‌వేకి దిగే దారి) అయినా మినిమమ్స్ (రన్‌వే కనబడకపోతే ఇక దిగకూడని ఎత్తు) ఎక్కడ చూడాలో కన్ను వెతుక్కోవాలి.

మీరు ఎలా అలవాటు పడుతున్నారు? ఏది పనిచేసింది? పాత పద్ధతే మంచిదన్న వాదన కాదు, ఈ సంధికాలం ఎలా దాటాలన్నదే నా ప్రశ్న.

భీమవరం ఫస్ట్ ఆఫీసర్:
అన్నయ్య గారూ, స్పాయిలర్ల మీట సంగతి చదవగానే అర్థమైంది, మనది ఒకే కంపెనీ. నేను అవతలి పక్క నుంచి వచ్చినవాణ్ణి. నోటితో చెప్పేదాకా ఆగమని నేర్పిన పక్క.

మా కో-పైలట్ల బాధ కొంచెం వేరు. మీరు ఒక కొత్త పుస్తకానికి అలవాటు పడాలి. మేము ఆ పుస్తకంతో పాటు ప్రతి ఫ్లైట్‌లో కెప్టెన్‌కు కూడా అలవాటు పడాలి. పొద్దున సెక్టార్ కెప్టెన్ కొత్త ఎస్‌ఓపీని (కంపెనీ రాసిన పని పద్ధతిని) అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. మధ్యాహ్నం ఇంకొకాయన ‘అదంతా కాగితం మీద బాబూ, నా దగ్గర ఇలా చెయ్యి’ అంటారు. ఆయన చెడ్డవారు కాదు, ఇరవై ఏళ్లు అలాగే భద్రంగా నడిపారు. కానీ నాకు ఆ క్షణంలో కంపెనీ పుస్తకం ఒకటి, పక్కన ఉన్న పెద్దాయన ఒకటి. మన పెంపకంలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

నాకు పనికొచ్చింది ఒక్కటే. బ్రీఫింగ్‌లో నేనే ముందు అడిగేస్తాను: ‘సర్, మీరు ఏ పక్క నుంచి వచ్చారు? నేను ఈ పక్క. మారినవాటిలో ఈ ఫ్లైట్‌లో మనకు తగిలేవి ఈ మూడూ అనుకుంటున్నాను, కొత్త పుస్తకం ప్రకారం ఇలా చేద్దామా?’ అని. ఇంతవరకు కోప్పడిన వాళ్లు లేరు. మీట సైగ విషయం కూడా అందులోనే తేలిపోతుంది.

గౌతమి గట్టు:
రాజమండ్రి నుంచి, రిటైర్డ్ కెప్టెన్‌ని. ఈ దేశంలో విమాన కంపెనీల కలయిక కొత్త కాదు నాయనా. 1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం తెచ్చి ఎనిమిది దేశీయ కంపెనీలను ఇండియన్ ఎయిర్‌లైన్స్ కిందికి తెచ్చారు, మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో ఒకటి. ఆ రోజుల్లో పనిచేసిన పెద్దలు ఎవరి కంపెనీ పద్ధతి ఎలా ఉండేదో చెబుతుంటే విన్నాను. తర్వాత 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. కాగితం మీద ఒక్కటే సంస్థ, లోపల మాత్రం ఏళ్ల తరబడి రెండు. 2012లో బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ మీద ఎవరికి ట్రైనింగ్ ఇవ్వాలన్న గొడవతో పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ఒకే సంస్థలో ఐదేళ్ల తర్వాత కూడా ‘మీ పక్క, మా పక్క’.

ఎందుకు చెబుతున్నానంటే, మీరంతా మీటలు, కాలౌట్లు (కాక్‌పిట్‌లో పైకి చెప్పే మాటలు) అంటున్నారు. సీనియారిటీ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కమాండ్ (కెప్టెన్ హోదా) వస్తుందని ఎదురుచూసే కుర్రాడు రెండు జాబితాలు కలిపేసరికి వందల మెట్లు కిందికి జారితే, ఆ కుర్రాడి మనసు కొత్త పుస్తకాన్ని ప్రేమగా తెరుస్తుందా? అమెరికాలో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిశాయి. సీనియారిటీ జాబితా మీద మధ్యవర్తి తీర్పు వచ్చినా ఒక పక్కవాళ్లు ఒప్పుకోక, 2013లో అమెరికన్‌తో ఇంకో కలయిక వచ్చేదాకా ఆ తగువు తెగలేదు. మనుషుల లెక్క తేల్చకుండా పద్ధతులు కలపడం ఇసుకలో గట్టు వేసినట్టే.

సిమ్ మాస్టారు కాకినాడ:
కెప్టెన్ గారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సీనియారిటీ బాధ నిజమే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఇంజిన్ ఆగినప్పుడు దానికి జాబితాలో మన నంబరు తెలియదు. మనసులో బాధ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇద్దరూ సిమ్యులేటర్‌లో ఒకే రకంగా వెనక్కి జారిపోవడం నేను చూస్తున్నాను. ఇది అలవాటుకు సంబంధించింది, అభిమానానికి కాదు.

వివరంగా రాస్తాను, ఇక్కడ కుర్రాళ్లు కూడా చదువుతారు కాబట్టి. మామూలు టేకాఫ్ ఇస్తే అందరూ కొత్త కాలౌట్లు చక్కగా చెబుతారు. వీ వన్ (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దగ్గర ఇంజిన్ ఫెయిల్యూర్ ఇస్తాను, లేదా మినిమమ్స్ దగ్గర గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేయిస్తాను. అప్పుడు నోట్లోంచి వచ్చేది పాత కంపెనీ భాషే. విమానం పైకి లేస్తోందని చెప్పడానికి బోయింగ్ మీద పెరిగినవాళ్లు ‘పాజిటివ్ రేట్’ అంటారు, ఎయిర్‌బస్ మీద పెరిగినవాళ్లు ‘పాజిటివ్ క్లైంబ్’ అంటారు. బోయింగ్ వాళ్లకు టేకాఫ్ పరుగులో 80 నాట్ల వేగం దగ్గర పిలుపు అలవాటు, ఎయిర్‌బస్ వాళ్లకు 100 దగ్గర. మాట తేడా వల్లనే విమానం పడిపోదు. కానీ ఎదురుచూసిన మాట రానప్పుడు పక్కనున్నవాళ్లు ఒక క్షణం ఆగుతారు, ‘అన్నాడా, అనలేదా, నాకు వినపడలేదా’ అని. పని ఎక్కువగా ఉన్న చోటే ఆ క్షణం పోతుంది.

కంపెనీలు కలిసినప్పుడు పద్ధతులు ఆలస్యంగా సర్దితే ఏమవుతుందో అధికారికంగా రాసిపెట్టిన కేసు ఉంది. 1988 ఆగస్టు 31న డాలస్‌లో డెల్టా 1141, బోయింగ్ 727, ఫ్లాప్స్ వెయ్యకుండా టేకాఫ్‌కు వెళ్లింది. 14 మంది చనిపోయారు. టాక్సీ చేస్తూ క్రూ కబుర్లలో పడ్డారు, టేకాఫ్ వార్నింగ్ కూడా మోగలేదు. అందరికీ తెలిసింది ఇంతవరకే. కానీ అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రమాదానికి తోడ్పడిన కారణాల్లో ఇంకోటి రాసింది. కంపెనీ వేగంగా పెరిగి, మరో కంపెనీని కలుపుకున్నాక అవసరమైన మార్పులను ప్రొసీజర్లలో, మాన్యువల్స్‌లో, చెక్‌లిస్టుల్లో, ట్రైనింగ్‌లో నెమ్మదిగా తెచ్చిందని. డెల్టా అంతకు ముందు ఏడాదే వెస్టర్న్ ఎయిర్‌లైన్స్‌ను కలుపుకుంది. ఆ తర్వాత 1990లో నాసా కోసం డెగాని, వీనర్ అనే ఇద్దరు పరిశోధకులు చెక్‌లిస్టుల మీద చేసిన అధ్యయనంలో కంపెనీల విలీనాలను ప్రత్యేకంగా చర్చించారు. అంటే ఈ సమస్యకు ముప్పై ఏళ్లు దాటాయి. మనం మొదటివాళ్లం కాదు, కొత్తగా కనిపెట్టాల్సిందీ లేదు, తెలిసింది చెయ్యాలి అంతే.

కొత్తపేట కుర్రాడు:
నేను సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేస్తున్నాను సర్. తెలియక అడుగుతున్నా. రెండు కంపెనీలవీ ఏ320లే అయితే ఎయిర్‌బస్ ఇచ్చిన పుస్తకాన్నే యథాతథంగా తీసుకోవచ్చు కదా? ‘మీది, మాది’ గొడవే ఉండదు.

రావులపాలెం ఎయిర్‌బస్:
తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను గట్టిగా సమర్థించేది అదే. తయారీదారు పుస్తకాన్ని పునాదిగా పెట్టుకుంటే ఏ పక్కా గెలిచినట్టు కాదు, ఓడినట్టు కాదు. ఎయిర్‌బస్ ఒక మార్పు తెచ్చినప్పుడు మన పుస్తకంలోకి తేవడమూ తేలిక. దాని నుంచి పక్కకు జరగాలంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి.

కానీ ఆ పుస్తకం అన్నీ చెప్పదు. ఎంత ఇంధనం అదనంగా తీసుకోవాలి, ఒక ఇంజిన్‌తో టాక్సీ ఎప్పుడు చెయ్యాలి, అప్రోచ్ స్థిరపడకపోతే (దిగే వేగం, దారి కుదురుకోకపోతే) ఎక్కడ వదిలెయ్యాలి, ఇవన్నీ కంపెనీ నిర్ణయాలు. ఆ చివరిది చూడు. చాలా కంపెనీల్లో మబ్బుల్లో అయితే వెయ్యి అడుగులకల్లా స్థిరపడాలి, బయట స్పష్టంగా కనబడుతుంటే ఐదు వందలకు. కొన్ని కంపెనీల్లో ఏ వాతావరణమైనా వెయ్యి. ఐదు వందలకు అలవాటు పడ్డవాళ్లకు వెయ్యి దగ్గర కో-పైలట్ ‘అన్‌స్టేబుల్, గో-అరౌండ్’ అంటే, ఇంకా చోటుంది కదా అనిపిస్తుంది. కో-పైలట్‌కు అది గీత. ఇద్దరూ తమ పుస్తకం ప్రకారం సరిగ్గానే ఉన్నారు. అందుకే కలిపిన పుస్తకంలో ఈ అంకె ఒకటే ఉండాలి, అందరికీ తెలిసి ఉండాలి. నా ఓటు ఎప్పుడూ వెయ్యికే.

తణుకు ఏఎంఈ:
ఇంజనీరింగ్ పక్క నుంచి రెండు మాటలు రాస్తాను. పైలట్లు ఒకే విమానం అంటున్నారు గానీ ఒకేలా ఉండవండీ. రెండు కంపెనీలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఆప్షన్లతో కొన్నవి. ఒక ఫ్లీట్‌లో బ్రేక్ ఫ్యాన్లు ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. బ్రేకులు 300 డిగ్రీలు దాటి ఉంటే టేకాఫ్‌కు వెళ్లకూడదు. ఫ్యాన్లు ఉన్న విమానాలతో అలవాటు పడ్డ క్రూ రోహిణి కార్తెలో రాజమండ్రి లాంటి చోట తక్కువ టైంలో తిరిగి బయల్దేరాలనుకుంటే, ఫ్యాన్లు లేని విమానం చల్లబడేదాకా కూర్చోవాల్సిందే. అది ముందే తెలిస్తే దిగేటప్పుడే రన్‌వే పొడవు వాడుకుని బ్రేకు తక్కువ తొక్కుతారు. మధురపూడిలో (రాజమండ్రి ఎయిర్‌పోర్టులో) రన్‌వే ఇప్పుడు 3,165 మీటర్లు ఉంది, తొందరపడి మొదటి టాక్సీవే దగ్గరే తిరగాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఇంకోటి, ఇంజిన్లు. పాత సీఈఓ (ఏ320లో పాత రకం) ఇంజిన్ ఎంత త్వరగా స్టార్ట్ అవుతుందో, నియో (కొత్త రకం) ఎంత సేపు తీసుకుంటుందో రెండూ నడిపినవాళ్లకు తెలుసు. టెక్ లాగ్ (విమానం లోపాలు రాసే పుస్తకం) రాసే తీరు, ఎంఈఎల్ (ఏవి పనిచేయకపోయినా ఎగరవచ్చో చెప్పే జాబితా) కూడా మారాయి. దయచేసి విమానం ఎక్కగానే ఆ విమానం ఏ పక్క నుంచి వచ్చిందో చూసుకోండి, అర్థం కాకపోతే కింద ఉన్న మమ్మల్ని అడగండి. అడిగితే మేము తక్కువగా చూడం.

పాలకొల్లు అమ్మాయి:
మా ఆయన కూడా ఇలా కలిసిన ఒక కంపెనీలోనే కెప్టెన్. నేను ఇంట్లో చూసింది రాస్తాను, ఎందుకంటే పైలట్లు ఇది చెప్పుకోరు. కొత్త మాన్యువల్ మొత్తం టాబ్లెట్‌లోకి వచ్చి పడుతుంది. చదివేది ఎప్పుడు? సెలవు రోజుల్లో. సంక్రాంతికి పాలకొల్లు వచ్చినా మేడ మీద గదిలో టాబ్లెట్ పట్టుకుని కూర్చునే ఉన్నారు, పిల్లలు కింద భోగి పిడకలు దండ కట్టుకుంటుంటే ఒక్కసారి వచ్చి చూసి మళ్లీ పైకి. చివర్లో పది ప్రశ్నల క్విజ్ ఉంటుంది, అది పాసైతే ట్రైనింగ్ అయిపోయినట్టు లెక్క. పైగా రోస్టర్ సాఫ్ట్‌వేర్ మారింది, లీవు అడిగే పద్ధతి మారింది, జీతం స్లిప్పులో అలవెన్సుల పేర్లు మారాయి. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ ఒకే నెలలో వచ్చి పడితే మనిషికి నిద్ర ఎక్కడిది? నిద్ర లేని మనిషి కొత్త కాలౌట్ గుర్తుపెట్టుకోవాలా?

మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చదువుకోవడానికి పట్టే సమయాన్ని డ్యూటీగా లెక్కవేయమని చెప్పండి. ఇది ఒక్కటి చేస్తే సగం టెన్షన్ పోతుంది.

సిమ్ మాస్టారు కాకినాడ:
అమ్మా, మీరు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. 2011లో యునైటెడ్, కాంటినెంటల్ కలిసేటప్పుడు యునైటెడ్ పైలట్ల సంఘం ఇదే విషయం మీద కోర్టుకు వెళ్లింది. కొత్త ప్రొసీజర్లను కంప్యూటర్ పాఠాలతో సరిపెడుతున్నారు, ఇది చాలదు, కాస్త ఆపండి అని. కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. కేసు పోయినా ప్రశ్న పోలేదు. తెర మీద చదివింది తలకు ఎక్కుతుంది, చేతికి ఎక్కదు. చేతికి ఎక్కాలంటే కూర్చుని చెయ్యాలి, అదీ అవతలి పక్క మనిషితో కలిసి.

నేను మా దగ్గర పట్టుబట్టి సాధించింది ఒకటుంది. ఆరు నెలలకోసారి వచ్చే సిమ్యులేటర్ చెక్‌లకు రెండు పక్కల వాళ్లనూ జంటలుగా వేయించడం. ఇంతకు ముందు ఎవరి పక్క వాళ్లు వాళ్లతోనే వచ్చేవారు, చక్కగా పాసయ్యేవారు, లైన్‌లోకి వెళ్లాక మొదటిసారి కలిసేవారు. ఇప్పుడు తడబాటు ఏదో నా ముందే జరుగుతుంది, అక్కడ ఆపి మాట్లాడుకోవచ్చు. చెక్ రోజున కాకుండా దాని ముందు ట్రైనింగ్ రోజున ఇది చేయిస్తే ఇంకా మంచిది, మార్కుల భయం ఉండదు.

అమలాపురం బ్యాంకు పెద్దాయన:
నాకు విమానాలు తెలియవండీ, మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మాది ఆంధ్రా బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న గుమాస్తాలు కొత్త స్క్రీన్ ముందు చంటిపిల్లల్లా కూర్చోవడం చూశాను. వాళ్లకు పని రాక కాదు, చెయ్యి పాత మెనూలోకే పోయేది. మేము చేసిందేమిటంటే అవతలి బ్యాంకు నుంచి ఒక మనిషిని తెచ్చి ప్రతి కౌంటర్ పక్కనా కొన్నాళ్లు కూర్చోబెట్టాం. మీకు అలా కుదురుతుందా?

రావులపాలెం ఎయిర్‌బస్:
బాబాయ్ గారూ, కుదురుతుందండీ, కొంతవరకు జరుగుతోంది కూడా. ట్రైనింగ్ కెప్టెన్లు వెనక జంప్ సీటులో కూర్చుని చూస్తారు. కాకపోతే వాళ్ల సంఖ్య తక్కువ, విమానాలు ఎక్కువ, కాబట్టి అందరికీ అందరు.

గౌతమి గట్టు:
సిమ్ మాస్టారూ, మీరన్నది ఆలోచించాను. చెయ్యి అలవాటు అభిమానంతో సంబంధం లేకుండా వెనక్కి పోతుందన్నారు, ఒప్పుకుంటాను. నా మాట ఇంకొంచెం సూటిగా చెబుతాను. తడబాటు వచ్చినప్పుడు దాన్ని పైకి చెప్పుకోవాలంటే నమ్మకం కావాలి. భీమవరం అబ్బాయి బ్రీఫింగ్‌లో ‘నేను ఈ పక్క’ అని చెప్పగలుగుతున్నాడంటే అవతల వింటున్న కెప్టెన్ మనసులో కసి లేదు కాబట్టే. జాబితా గొడవ నడుస్తున్న చోట ఆ మాట నోట్లోంచి రాదు. ఒకరినొకరు రిపోర్ట్ చేసుకుంటారేమోనన్న భయం ఉంటుంది. సురక్షితంగా అడగగలిగే వాతావరణం లేకపోతే మీ జంటల సిమ్యులేటర్ కూడా నటనే అవుతుంది.

డెల్టా, నార్త్‌వెస్ట్ కలిసినప్పుడు చూడండి. 2008 అక్టోబరులో ఒప్పందం పూర్తయింది, డిసెంబరుకల్లా మధ్యవర్తుల ద్వారా సీనియారిటీ తేల్చేశారు, 2009 చివరిరోజుకు ఒకే ఆపరేటింగ్ సర్టిఫికెట్ (విమానాలు నడపడానికి ప్రభుత్వ అనుమతి) వచ్చింది. ముందు మనుషుల లెక్క, తర్వాత పుస్తకం. ఆ వరుస సరైనదని నా నమ్మకం.

సిమ్ మాస్టారు కాకినాడ:
ఆ వరుసకు నేను అడ్డు చెప్పను కెప్టెన్ గారూ. నా భయమల్లా జాబితా తేలేదాకా పుస్తకం ఆగదు అన్నదే. మన దేశంలో 2024లో ఏం జరిగిందో అందరం చూశాం. అక్టోబరు 1న ఏఐఎక్స్ కనెక్ట్ (పాత ఎయిర్‌ఏషియా ఇండియా) ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది, నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. నెలన్నరలోపే రెండు విలీనాలు, అందులో ఒకటి బోయింగ్ 737 నడిపే కంపెనీలోకి ఏ320 నడిపే కంపెనీ రావడం. తేదీ వచ్చిన రాత్రి నుంచే అందరూ ఒకే సర్టిఫికెట్ కింద ఎగరాలి. అక్కడ జాబితా గురించి ఎదురుచూసే వీలు పైలట్‌కు ఉండదు, మర్నాడు పొద్దున ఫ్లైట్ ఉంటుంది. అందుకే నా చేతిలో ఉన్నది నేను చేస్తాను, మీలాంటి పెద్దలు మిగతాది అడుగుతూ ఉండండి.

భీమవరం ఫస్ట్ ఆఫీసర్:
కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) సంగతి ఎవరూ రాయలేదు. కంపెనీ పేరు మారిన మొదటి వారాల్లో రేడియోలో పాత కాల్‌సైన్‌తో జవాబులు వినబడుతూనే ఉంటాయి, ఏటీసీ (విమానాల రాకపోకలను నడిపించే కంట్రోల్) వాళ్లు ఓపికగా సరిదిద్దుతూ ఉంటారు. ఇక్కడ అసలు ప్రమాదం పాత పేరు పలకడంలో లేదు, కొత్త పేరు వినపడ్డప్పుడు అది మనకే అని తలకు తట్టకపోవడంలో ఉంది. పైగా రెండు కంపెనీల ఫ్లైట్లూ ఒకే పేరుతో వస్తే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేలాంటి నంబర్లు ఎక్కువవుతాయి. విస్తారా విమానాలకు 2తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు ఇచ్చారు కదా, ప్రయాణికులకు తెలియడానికి బాగుంది, మా చెవికి మాత్రం అన్నీ ఒక్కలాగే వినబడతాయి. నేను కాల్‌సైన్‌ను పెద్ద అక్షరాలతో రాసి కంటి ముందు పెట్టుకుంటున్నాను. మీరంతా ఏం చేస్తున్నారు?

తణుకు ఏఎంఈ:
కింద మా పరిస్థితీ అంతే తమ్ముడూ, హెడ్‌సెట్‌లో పుష్‌బ్యాక్ (విమానాన్ని వెనక్కి నెట్టేటప్పటి) మాటలు కూడా మారాయి. పార్కింగ్ బ్రేక్ సంగతి ఎవరు ముందు చెప్పాలన్నది రెండు కంపెనీల్లో వేరు. అక్కడ పొరపాటు పడితే కింద మనిషి కాళ్లు ఉంటాయి. దీన్ని కూడా మీ బ్రీఫింగ్‌లో కలపండి.

కొత్తపేట కుర్రాడు:
సర్, ఇంకో ప్రశ్న. మారినవన్నీ ఒకేసారి మార్చడం మంచిదా, కొద్దికొద్దిగానా? మా ఇన్‌స్ట్రక్టర్ ఒకేసారి మారిస్తేనే మెదడు పాతది వదిలేస్తుంది అంటున్నారు.

సిమ్ మాస్టారు కాకినాడ:
రెండు రకాలుగానూ చేసిన కంపెనీలున్నాయి బాబూ. నా అభిప్రాయం, పనులను విడదీయాలి. ప్రాణం మీదికి వచ్చేవి, అంటే టేకాఫ్ ఆపడం, ఇంజిన్ ఫెయిల్యూర్, గో-అరౌండ్, స్థిరపడని అప్రోచ్, వీటిని ఒకే రోజు, అందరికీ, సిమ్యులేటర్‌లో చేయించాకే మార్చాలి. సగం మంది పాతది, సగం మంది కొత్తది అన్న రోజు ఒక్కటి కూడా ఉండకూడదు. పేపర్ పని, రోస్టర్, టాక్సీ అలవాట్లు లాంటివి తర్వాత విడతలుగా తేవచ్చు. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది, యూనిఫాం మొదటి రోజే మారుతుంది, గో-అరౌండ్ కాలౌట్ నాలుగో సవరణలో మారుతుంది.

ఇంకొక్క మాట, నీలా కొత్తగా వచ్చేవాళ్లకు నిజానికి ఇది మంచి అవకాశం. నీకు వదులుకోవాల్సిన పాత అలవాటు లేదు. అయితే నీకు నేర్పే కెప్టెన్‌కు ఉంటుంది, కాబట్టి పుస్తకం నువ్వే చదువు.

పాలకొల్లు అమ్మాయి:
మాస్టారు గారూ, ఆ ‘నాలుగో సవరణ’ మాట మా ఇంట్లో కూడా వినబడింది. సవరణ వచ్చిన ప్రతిసారీ ఏది మారిందో రంగు గీత పెట్టి చూపించరట, మొత్తం పుస్తకం మళ్లీ పంపుతారట. మారినవి మాత్రమే ఒక పేజీలో ఇస్తే ఎంత బాగుంటుంది.

రావులపాలెం ఎయిర్‌బస్:
అమ్మా, చాలా పుస్తకాల్లో మార్జిన్‌లో మార్పు గీతలు ఉంటాయి, కానీ విలీనం రోజున వచ్చేది కొత్త పుస్తకమే కాబట్టి దేంతో పోల్చి గీత పెట్టాలో వాళ్లకే తెలియదు. ఒక పక్కవాళ్లకు పాతది, ఇంకో పక్కవాళ్లకు కొత్తది. అందుకే రెండు పేజీలు కావాలి. ‘మీరు ఈ పక్క నుంచి వస్తే ఇవి మారాయి’, ‘మీరు ఆ పక్క నుంచి వస్తే ఇవి మారాయి’ అని. అందరికీ ఒకే సర్క్యులర్ పంపితే ఎవరికీ తమది కనబడదు.

భీమవరం తమ్ముడూ, ఈ పని మనమే మొదలుపెడదామా? నేను మా పక్క నుంచి రాస్తాను, నువ్వు మీ పక్క నుంచి రాయి. ఇంజిన్ స్టార్ట్ నుంచి పార్కింగ్ దాకా ఒక్కో దశలో తేడా ఏమిటో. ఫ్లైట్ సేఫ్టీ విభాగానికి ఇద్దరి పేర్లతో పంపిద్దాం, ఫిర్యాదులా కాదు, ప్రతిపాదనలా.

భీమవరం ఫస్ట్ ఆఫీసర్:
తప్పకుండా అన్నయ్య గారూ. నేను ఈ వారంలోనే ఆఫ్‌లో ఇంటికి వస్తున్నాను, కూర్చుని రాస్తాను. టాక్సీ, ఆఫ్టర్ ల్యాండింగ్ నావి. టేకాఫ్, గో-అరౌండ్ మీరు రాయండి, అవి కెప్టెన్ రాస్తేనే బరువు ఉంటుంది.

సిమ్ మాస్టారు కాకినాడ:
పంపే ముందు నాకు ఒకసారి చూపించండి. ప్రతి తేడా పక్కన అది ఏ దశలో కనబడిందో, ఇద్దరిలో ఎవరు ఏది ఎదురుచూశారో రాయండి. ‘ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే ఫైలులో ఉండిపోతుంది. ‘కో-పైలట్ మాట కోసం ఆగాడు, కెప్టెన్ మీట దించాడు, టాక్సీవే దాటేదాకా ఫ్లాప్స్ బయటే ఉన్నాయి’ అని రాస్తే ట్రైనింగ్ వాళ్లు వచ్చే సిమ్యులేటర్ సెషన్‌లో పెట్టగలరు. క్రూ పేర్లు, తేదీలు తీసేయండి, ఎవరినీ పట్టించడం మన ఉద్దేశం కాదు.

తణుకు ఏఎంఈ:
పుష్‌బ్యాక్ మాటల జాబితా నేను పంపుతాను, అందులో కలపండి.